గవ్వలకోటలో అరువు మాట

ఉప్పుకయ్యల్లో మొసళ్ల నోళ్లు తప్పించుకుని, మోకాళ్ల దాకా బురదతో గవ్వలకోట సింహద్వారం చేరిన ఇద్దరు గాజులవాళ్లలో ఒకడు నిజానికి గాజులవాడు కాడు. ఆ మాటకొస్తే రెండోవాడూ కాడు. భుజాన గాజుల మలారం వేసుకుని, తలకు పాతగుడ్డ చుట్టుకుని, మొహానికి మసి పూసుకున్న ఆ పొడుగాటివాడు కేతకీపురం యువరాజు రణధవళుడు. అతనికి రెండడుగులు వెనకగా అదే వేషంలో వస్తున్న బక్కపలచటి కుర్రవాడు సారంగుడు. యువరాజు తండ్రి కీర్తిధవళ మహారాజు ఒకప్పుడు వేటకు వెళ్లి, పొదల్లో ఏడుస్తున్న పసివాణ్ణి చూసి, వేట మానేసి వాణ్ణి ఎత్తుకొచ్చి పెంచుకున్నాడు. ఆ పసివాడే ఈ సారంగుడు.

ఆ మహారాజు ఇప్పుడు ఈ కోటలో బందీగా ఉన్నాడు. మామూలు బందీ కాదు. ఈ కోటను ఏలే పటమంజరి అనే మాంత్రికురాలు మనుషులను బొమ్మలుగా గీసి ఆటముక్కల్లో బిగిస్తుంది. రాజులంటే ఆమెకు మరీ మోజు. వాళ్లను విడిపించుకోవాలంటే ఆమెతో ముక్కలాడి గెలవాలి. ఇంతవరకు ఆడడానికి వెళ్లినవాళ్లూ ముక్కలే అయ్యారు తప్ప ఇల్లు చేరలేదు.

లక్షల గవ్వలు పొదిగిన ఆ కోటగోడలు మధ్యాహ్నపు ఎండలో పాలమీగడలా మెరుస్తున్నాయి. బురుజుల మీద కలశాలకు బదులు శంఖాలు నిలబెట్టారు. గాలి వీచినప్పుడల్లా అవి వాటంతట అవే మోగుతున్నాయి. ద్వారానికి పగడాల తోరణం, గడపకు వెండిరేకు, రేకు మీద జలకన్యల నాట్యం. ఇంత అందమైన గడప మీద కాళ్లు బారజాపుకుని తాటిచెట్టంత రాక్షసి ఒకతె కూర్చుని పళ్లు కుట్టుకుంటోంది.

“ఎవర్రా మీరు?” అంది.

“గాజులవాళ్లం తల్లీ. అమ్మగారికి గాజులు తొడగడానికొచ్చాం” అన్నాడు రణధవళుడు.

“అయితే ముందు నాకు తొడుగు. పగిలిన గాజుకొక వేలు చొప్పున కొరుక్కుంటా.”

కత్తియుద్ధంలో యువరాజుకు తిరుగులేదు కానీ గాజులు తొడగడం ఏ గురువూ నేర్పలేదు. మోచేతికి కవచం ఎక్కించినట్టు గాజును పట్టి నెట్టాడు. అది ఫెళ్లున పగిలింది. మరుక్షణం అతని చిటికెనవేలు రాక్షసి పళ్ల మధ్య ఉంది.

“ఆగండమ్మా, మా అన్న పనికి కొత్త” అంటూ సారంగుడు ముందుకొచ్చి ఆమె రెండోచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. “పిడికిలి వదలండి. ఇంత మెత్తటి చెయ్యి ఈమధ్య నేను చూడలేదు. మీ పుట్టిల్లెక్కడమ్మా?”

పుట్టిల్లు అనేసరికి రాక్షసి నోరు తెరిచింది. యువరాజు వేలు బయటపడింది. నలుగురన్నల తరవాత పుట్టిన ఆడపిల్లననీ, పెళ్లయ్యాక ఒక్కరూ చూడడానికి రాలేదనీ ఆమె చెబుతూ ఉండగా చెయ్యి దానంతట అది మెత్తబడింది. గాజులు ఒకదాని వెంట ఒకటి మోచేతి దాకా జారిపోయాయి. రాక్షసి కళ్లు తుడుచుకుని లేచి గడియ తీసింది.

“నీకున్న ఒడుపు మీ అన్నకు లేదురా అబ్బీ” అంది వెళ్తున్నవాళ్ల వెనకనుంచి.

వేలి మీద పంటిగాటు కన్నా ఆ మాట రణధవళుడికి ఎక్కువ మండింది. కొత్త మంటేమీ కాదది. చిన్నప్పుడు పంక్తిలో తండ్రి ముద్ద కలిపి మొదట సారంగుడి నోట్లో పెట్టేవాడు. “తల్లి లేని పిల్లాడురా” అనేవాడు. నాకు మాత్రం ఉందా అని అడగాలని రణధవళుడికి ప్రతిసారీ అనిపించేది. అతని తల్లి అతను పుట్టిన నాడే పోయింది. అడగలేదు. రెండోముద్ద మాత్రం అతనికి ఏనాడూ రుచించలేదు. సారంగుడు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే హాయిగా పోట్లాడి ఊరుకునేవాడు.

సభామంటపంలో పటమంజరి వాళ్ల కోసమే కాచుకుని ఉంది. ఆమె వయసెంతో చెప్పడం కష్టం. రోజూ తన మొహాన్ని తానే రంగులతో దిద్దుకుంటుంది. ఆ పూట ఒక చెంపే పూర్తయినట్టుంది, అది పదహారేళ్ల పడుచులా మిసమిసలాడుతుంటే రెండోది ఎండిన చింతపండులా ఉంది.

“మసి తుడుచుకోండి నాయనా. కేతకీపురం ముక్కు నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. మీ నాన్నది గీసింది నేనే కదా” అంటూ ఆమె గోడవైపు చూపించింది.

అక్కడ వెండిచట్రంలో అరచెయ్యంత ముక్క వేలాడుతోంది. అందులో కీర్తిధవళుడు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. కిరీటం రంగు ఎప్పుడో వెలిసిపోయింది. మీసం చెరిగిపోయింది. కళ్లు మాత్రం ఇంకా నల్లగా ఉన్నాయి.

“పొద్దుగుంకేసరికి అవీ పోతాయి. కళ్లు పోతే మనిషి లేనట్టే” అంది పటమంజరి. “ఆడతారా, వెళ్తారా?”

“ఆడతాం” అన్నాడు రణధవళుడు.

ఆమె నేల మీద నల్లటి బల్లగుడ్డ పరిచింది. రెండువైపులా ఆరేసి దీపాలు వెలిగించింది. “ఇవి మన ప్రాణాలు. ఎవరి దీపాలు ముందు ఆరిపోతే వాళ్లు ఓడినట్టు. ముక్క మూలన ఉన్న చుక్కలు దాని బలం. ఎన్ని చుక్కల దెబ్బ ఎదుటి ఆటగాడికి తగిలితే అన్ని దీపాలు పోతాయి. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఆ దెబ్బ అడ్డొచ్చినవాడే తింటాడు. బొమ్మ కింద రాసి ఉండేది ఆ ముక్కకున్న విద్య. అక్కడ రాసేది మాట వరకే. దాని నియమమంతా ఇదిగో, దీని నోట్లో ఉంటుంది” అని పక్కనున్న పంజరాన్ని తట్టింది. అందులో గోరింక ఒకటి మెడ తిప్పి చూసింది. “ఆట సాగుతున్నంతసేపూ ఒక్కో మాటకు ఒక్కసారే చెబుతుంది. వినకపోతే మీ ఖర్మ.”

అలా అంటూనే ఆమె కుంచె ముంచి రెండు ఖాళీముక్కల మీద చకచకా గీసేసింది. ఆమె వేరే ముక్కలేమీ ఇవ్వదు. ఆటకు దిగినవాడు తన ముక్క తానే. ముక్కకు దెబ్బ తగిలితే ఒళ్లు నొస్తుంది.

రణధవళుడి ముక్కలో అతను అడవిదున్న మీద కూర్చుని ఉన్నాడు. మూలన ఏడు చుక్కలు. కింద ‘తొక్కుడు’ అని రాసి ఉంది. అతని ఛాతీ ఉబ్బింది.

“తొక్కుడు” అని గోరింక గొంతు సవరించుకుంది. “అడ్డొచ్చినవాణ్ణి పడగొట్టడానికి కావలసినంత బలం వాడి మీద ఖర్చవుతుంది. మిగిలిన బలం వాణ్ణి తొక్కుకుంటూ వెళ్లి ఆటగాడికి తగులుతుంది.”

తరవాత సారంగుడి ముక్క. మణికట్టుకు చిన్నపాము చుట్టుకున్న కుర్రవాడు. ఒకే ఒక్క చుక్క. రణధవళుడు మీసాల చాటున నవ్వుకున్నాడు. అంతలో అతని చూపు కిందికి దిగింది. అక్కడ ఒక మాట కాదు, రెండు మాటలున్నాయి. కాటు, అరువు.

నాకు ఒకటి, వాడికి రెండా? ఈ ముసలిది కూడా మొదటిముద్ద వాడికే పెట్టిందా? రణధవళుడి చెవుల్లోకి వేడి ఎక్కింది. గోరింక ఆ రెండు మాటల నియమాలూ వివరంగా చెప్పింది. చాలాసేపే చెప్పింది. సారంగుడు తల వంచుకుని ప్రతి పలుకూ విన్నాడు. మన యువరాజుగారు మాత్రం ఆ ముక్క మీద మాటలను మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అవి రెండే.

పటమంజరి తనవైపు రెండు ముక్కలు వేసింది. మొదటిది కొండంత రాతిమనిషి, మాట ‘కాపు’. “కాపు ఉన్న ముక్క ఎవరి మీదకూ వెళ్లకూడదు. అడ్డు నిలబడడమే దాని పని” అంది గోరింక. ఆ రాతిమనిషిని పడగొట్టాలంటే ఎనిమిది చుక్కల బలం కావాలి. ఇరువైపులా ఒక్కో దెబ్బ అయ్యి పూట మారితే దాని గాయం మానిపోతుంది. రెండోది రెండు తలల గండభేరుండం, మూడు చుక్కలు, మాట ‘ఎగురు’. “ఎగిరేదాన్ని ఎగిరేదే ఆపగలదు.”

“అన్నయ్యా, దిగేముందు ఒక్కమాట విను” అన్నాడు సారంగుడు.

“నీకు రెండున్నాయి కదా, దాచుకో” అని రణధవళుడు తన ముక్కను గుడ్డ మీదకు విసిరాడు.

మంటపం అదిరింది. బల్లగుడ్డ మైదానమంత పెరిగింది. యువరాజు అడవిదున్న మీద ఉన్నాడు. దాని డెక్కల కింద నేల పొడి అవుతోంది. ఎదురుగా రాతిమనిషి లేచి నిలబడ్డాడు. కొమ్ములు వాడి పొట్టలో దిగాయి. పెళ్లలు రాలాయి, బీటలు మెడ దాకా పాకాయి. ఇంకొక్క చుక్క బలం ఉంటే వాడు పడిపోయేవాడే. ఆ ఒక్కటే లేదు. రాతిమనిషి దున్నను రెండు చేతులతో ఎత్తి వెనక్కి గిరాటేశాడు. రణధవళుడు తన చోటులో వెల్లకిలా పడ్డాడు. కుడిభుజం జారిపోయింది.

అతను లేచేలోగా గండభేరుండం రెక్కలు విప్పింది. ఆపడానికి వీళ్లవైపు ఎగిరేది ఏముంది? ఒక్క ఊపులో మూడు దీపాలు ఆరిపోయాయి. మూడే మిగిలాయి. రాతిమనిషి బీటలు మూసుకున్నాయి. గోడ మీద కీర్తిధవళుడి ఎడమకన్ను బూడిదరంగుకు తిరిగింది.

“ఇంకో పూట అంతే నాయనా” అంది పటమంజరి. నవ్వితే పడుచు చెంప మీద రంగు పెచ్చులూడింది.

సారంగుడు వచ్చి యువరాజు భుజాన్ని పట్టి ఒక్క గుంజుతో సరిచేశాడు. అదీ వాడికే వచ్చు. రణధవళుడు పళ్లు బిగించి కూర్చున్నాడు. తండ్రి కన్ను చూశాడు. మిగిలిన దీపాలు చూశాడు. చివరికి, ముల్లు మింగినట్టుగా అడిగాడు.

“ఒరేయ్ సారంగా, నీ మాటలకు గోరింక ఏం చెప్పిందిరా?”

సారంగుడు ఆశ్చర్యపోలేదు, ఎత్తిపొడవలేదు. “కాటు అంటే, ఈ ముక్క దెబ్బ ఒక్క చుక్క తగిలినా చాలు. తగిలినవాడు ఎంతటివాడైనా పడిపోతాడు. అరువు అంటే, నా మాటను పక్కముక్కకు ఇవ్వచ్చు. తీసుకునేవాడు నా ముక్కను నుదుటికి తాకించుకుని ఒక మాటనాలి.”

రణధవళుడు వేళ్లతో లెక్క కట్టాడు. ఏడు చుక్కల బలం. రాతిమనిషిని పడగొట్టడానికి ఎనిమిది కావాలి కాబట్టే మొత్తమంతా వాడి మీదే ఖర్చయింది. తన దెబ్బకే కాటు ఉంటే? అప్పుడు వాడికి ఒక్క చుక్క చాలు. మిగిలిన ఆరూ వాణ్ణి తొక్కుకుంటూ వెళ్తాయి. అవతల దీపాలు ఆరే.

“నీ కాటు నా తొక్కుడుతో కలిస్తే...” అన్నాడు.

“మొదట నేను చెప్పబోయిందదే అన్నయ్యా.”

అది కూడా గుచ్చుకుంది. తనకిప్పుడు తట్టింది వాడికి అప్పుడే తట్టింది. “సరే. ఏమనాలో చెప్పు.”

“‘నాకు లేనిది నీకుంది’ అనాలి.”

రణధవళుడు ముక్క తీసుకుని నుదుటికి ఆనించి గబగబా అనేశాడు. ముక్క మీది మాట కదల్లేదు. “అది పెదవులన్నమాట” అని గోరింక ఈసడించింది. పటమంజరి పకపకా నవ్వింది. గోడ మీద రెండో కంటి నలుపు చివర్ల నుంచి పలచబడుతోంది.

రణధవళుడు కళ్లు మూసుకున్నాడు. ఆ మాట అతనికి కొత్తేమీ కాదు. పదిహేనేళ్లుగా భోజనాల దగ్గర, వేటలో, తండ్రి నవ్విన ప్రతిసారీ లోపల అంటూనే ఉన్నాడు. ఇవాళ కోట గుమ్మంలో కూడా అన్నాడు. బయటికి మాత్రం ఏనాడూ రానివ్వలేదు. అతను కళ్లు తెరిచి సారంగుణ్ణి తిన్నగా చూశాడు.

“నాకు లేనిది నీకుందిరా” అన్నాడు. “ఎప్పుడూ ఉంది. అందుకే నిన్ను చూస్తే నాకు ఒళ్లు మంట.”

సారంగుడి ముక్క మీది ‘కాటు’ కదిలింది. చీమలబారులా అక్షరాలు ఒక్కొక్కటే పాకి యువరాజు ముక్క మీదకు చేరి, తొక్కుడు పక్కన కూర్చున్నాయి. సారంగుడి ముక్క దానంతట అది యువరాజు ముక్క అడుగుకు జారింది. సారంగుడి మొహం కాస్త వెలిసినట్టు రణధవళుడికి అనిపించింది. దీపాలు తగ్గాయి కదా, అందుకే అనుకున్నాడు.

రెండోసారి దున్న దూకింది. ఈసారి దాని కొమ్ములకు పచ్చటి పాములు చుట్టుకుని ఉన్నాయి. రాతిమనిషి అలవాటుగా చేతులు చాపి అడ్డం నిలిచాడు. కొమ్ము కొస వాడి చిటికెనవేలికి గీసుకుంది. అంతే. రాయి నీలమై, నీలం ఇసుకై, కొండంత మనిషి కుప్పగా కూలిపోయాడు. దున్న ఆ ఇసుకను తొక్కుకుంటూ పటమంజరి దీపాల మీదకు దూసుకుపోయింది. ఆరు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి.

గోడ మీద వెండిచట్రం పగిలింది. ముక్కలోంచి కిరీటం లేని ముసలిరాజు నేల మీదకు జారి, మోకాళ్ల మీద తూలుతూ కళ్లు నులుముకుంటున్నాడు.

“అన్నయ్యా” అని పక్కనుంచి సారంగుడు పిలిచాడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. “ముక్క...”

రణధవళుడికి వినిపించింది. వినిపించలేదని ఆ తరవాత ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకున్నా, వినిపించింది. కానీ తండ్రి కళ్లు తెరుస్తున్నాడు. ఆ కళ్లు ఈ ఒక్కసారైనా ముందు తన మీద పడాలి. వీడు పిలిచేది తనను ఆపి, వీడే ముందు వెళ్లడానికి. అలా అనుకుని అతను వెనక్కి చూడకుండా పరుగెత్తి వెళ్లి తండ్రి ముందు మోకరిల్లాడు.

అదే అదననుకుంది పటమంజరి. ముక్కలతో సహా బల్లగుడ్డను నాలుగు కొసలూ పట్టి మడిచి ముడేసింది. గండభేరుండం ఆమెను వీపు మీద ఎక్కించుకుని, మూటను ఒక ముక్కున కరుచుకుని, కప్పు పగలగొట్టుకుని పైకి లేచింది. గవ్వలు వానలా రాలాయి.

“నాన్నగారూ, నేను. రణధవళుణ్ణి.”

కీర్తిధవళుడు కొడుకు మొహాన్ని రెండు చేతులతో తడిమాడు. నవ్వాడు. తరవాత అతని భుజం మీదుగా చూస్తూ, “సారంగుడేడిరా?” అన్నాడు.

పాతముల్లు పాతచోటే గుచ్చుకుంది. రణధవళుడు వెనక్కి తిరిగాడు. సారంగుడు కూర్చున్న చోట మలారం ఉంది. తలగుడ్డ ఉంది. మనిషి లేడు.

“గోరింకా, అరువు అంటే ఏమిటి? అంతా చెప్పు” అని పంజరం పట్టుకుని ఊపేశాడు.

ఆట అయిపోయింది కాబట్టి గోరింకకు అభ్యంతరమేమీ లేకపోయింది. “అరువు. ఈ ముక్క తన మాటను పక్కముక్కకు ఇవ్వగలదు. తీసుకునేవాడు దాన్ని నుదుట తాకించి, నాకు లేనిది నీకుంది అని మనసారా అనాలి. గెలిచినా ఓడినా, బల్లగుడ్డ మడిచేలోగా, నీది నీకే అని తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే, ఆ గుడ్డ మళ్లీ విప్పి తిరిగి ఇచ్చేదాకా అరువిచ్చినవాడు ముక్కలోనే ఉండిపోతాడు.” అది కాసేపాగి, “ఆ చివరిమాటలు వాడు రెండుసార్లు లోపల వల్లించుకున్నాడు. నేను చూశాను” అంది.

రణధవళుడు పంజరం వదిలేశాడు. వాడికి తెలుసు. తెలిసే ఆ చివరి సంగతి తనకు చెప్పలేదు. చెబితే తాను ఎక్కడ తీసుకోకుండా ఆగిపోతాడోనని చెప్పలేదు.

“వాణ్ణి తీసుకొస్తాను నాన్నగారూ. ఇక్కడే ఉండండి” అన్నాడు.

బురుజు మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. గాయపడిన భుజం అరుస్తోంది. గండభేరుండం కోటచుట్టూ ఒక చుట్టు తిరిగి ఉప్పుకయ్యల మీదకు మళ్లుతోంది. శంఖం మీద కాలు పెట్టి రణధవళుడు గాలిలోకి దూకాడు. పక్షి కాలు ఎడమచేతికి దొరికింది. కింద మొసళ్లు వరసగా నోళ్లు తెరిచాయి.

పైనుంచి పటమంజరి తొంగిచూసింది. తొందర పడలేదు. బొడ్లోంచి ఖాళీముక్క తీసి, కుంచె తడిపి, తాపీగా అతని పాదాలతో గీత మొదలుపెట్టింది. రణధవళుడి కాలివేళ్లు చల్లబడ్డాయి. చూస్తుండగానే అవి బొమ్మలో కాళ్లలా చదునైపోతున్నాయి. చల్లదనం మడమలు దాటి పిక్కలకు ఎక్కింది.

అతను పక్షి కాలి మీదుగా ఒళ్లును పైకి ఈడ్చుకున్నాడు. మూట మొహానికి జానెడు దూరంలో ఊగుతోంది. నొప్పిచేతికి అది అందలేదు. మెడ చాచి ముడిని పళ్లతో పట్టుకున్నాడు. లోపలెక్కడో, గుడ్డ మడతల మధ్య, అతి సన్నగా ఎవరో దగ్గినట్టు వినిపించింది.

మోకాళ్లు బొమ్మలోకి వెళ్లిపోయాయి. ముడి ఒక పోగు సడలింది.

“తమ్ముడూ” అన్నాడు రణధవళుడు పళ్ల సందునుంచి. ఆ మాటతో అతను వాణ్ణి పిలవడం అదే మొదలు. “కాస్త ఓర్చుకో. నీది నీకిచ్చేస్తాను.”